శిశువు అడుగునకు వేచియున్న పండితుడు
డాక్టర్ ఆర్నల్డ్ గెసెల్ జీవిత సంగ్రహము

తెలుగువారి ఇండ్లలో పసిబిడ్డ ఎదుగుదలకు మెట్టుమెట్టునను ఒక వేడుక కలదు. బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు, గడప దాటిన నాడు గారెలు, అడుగులు వేసిన నాడు అరిసెలు చేసి ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టుట పెద్దల నాటి ఆచారము. తోటపనికై సముద్రము దాటి వచ్చిన మన పూర్వులు తమ మూటలలో బంగారము తేలేదు గాని ఇట్టి ఆచారములను వెంట తెచ్చుకొనిరి. ఈ ఆచారమునందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ముందు బిడ్డ అడుగు వేయును. పిమ్మట తల్లి అరిసెలు వండును. అరిసెల కొరకు బిడ్డను ఎవరును నడిపింపరు.

ఈ ఓర్పు నేడు తగ్గుచున్నది. పేరంటములో గాని, గుడిలో గాని నలుగురు తల్లులు కలిసినచో మొదటి ప్రశ్న ఒక్కటే: మీ బిడ్డ ఇంకను నడువలేదా? పొరుగింటి బిడ్డ పదవ నెలలో నడచినాడని విన్న తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మరునాడే బిడ్డను రెక్కలు పట్టి నిలబెట్టుట, చక్రముల వాకరులో కూర్చుండబెట్టుట ఆరంభమగును. ఇట్లు తొందరపెట్టుటవలన మేలు కలుగునా అను ప్రశ్నకు శాస్త్రమార్గమున సమాధానము వెదకిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన డాక్టర్ ఆర్నల్డ్ లూషియస్ గెసెల్. ఆయన జీవితమున మనము గ్రహింపదగిన సత్యములు కలవు. జాగ్రత్తపడదగిన పొరపాట్లును కలవు. రెంటిని తెలిసికొనుట తల్లిదండ్రులకు మేలు.

బాల్యము - విద్యాభ్యాసము

గెసెల్ 1880వ సంవత్సరము జూన్ 21వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రములోని ఆల్మా అను చిన్న ఊరిలో జన్మించెను. అది మిసిసిపి నది ఒడ్డున, కొండల క్రింద ఒదిగియున్న గ్రామము. ఆయన కుటుంబము జర్మను సంతతికి చెందినది. తండ్రి గెర్హార్డ్ ఛాయాచిత్రకారుడు. తల్లి క్రిస్టీన్ ఉపాధ్యాయినిగా పనిచేసిన విదుషి. వారి ఐదుగురు సంతానములో గెసెల్ పెద్దవాడు. తన తరువాతి నలుగురు ఒకరి వెనుక ఒకరుగా బోర్లపడుట, ప్రాకుట, లేచి నిలుచుట ఆయన చిన్ననాటనే కన్నులార చూచెను. తండ్రి వృత్తియైన ఛాయాచిత్రకళ, తల్లి వృత్తియైన బోధన, ఈ రెండును ముందుముందు ఆయన పరిశోధనలో ఒక్కటైనవి.

స్టీవెన్స్ పాయింట్ అను పట్టణమందలి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చదివి, కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చేరి 1903లో పట్టము పొందెను. చిప్పెవా ఫాల్స్ అను ఊరిలో ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా కూడ ఉండెను. ఆ దినములలో శిశువుల మనస్తత్త్వమును గూర్చి అమెరికాలో పరిశోధించుచున్న మహాపండితుడు స్టాన్లీ హాల్. ఆయన అధ్యక్షుడుగానున్న క్లార్క్ విశ్వవిద్యాలయమున గెసెల్ శిష్యరికము చేసి 1906లో డాక్టరు పట్టమును సంపాదించెను. 1908లో లాస్ ఏంజెలెస్ నగరమందలి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఉద్యోగము స్వీకరించెను. అచ్చటనే సహాధ్యాపకురాలగు బియాట్రిస్ చాండ్లర్ అను విద్యావతిని 1909లో వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి.

యేల్ విశ్వవిద్యాలయమున

1911లో గెసెల్ కనెక్టికట్ రాష్ట్రములోని న్యూ హేవెన్ నగరమునకు వచ్చి యేల్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. ఆ యేడే అచ్చట శిశువుల ఎదుగుదలను పరిశీలించుటకు ఒక చికిత్సాలయమును స్థాపించెను. మనస్సును మాత్రమే చదివిన చాలదు, శరీరమును కూడ చదువవలెనని తలచి, అధ్యాపకుడుగా నుండియే వైద్యవిద్య నభ్యసించి 1915లో వైద్య పట్టము పొందెను. అప్పటికి ఆయనకు ముప్పది యైదేండ్లు. ఇరువురు బిడ్డల తండ్రి. ఆ సంవత్సరమే కనెక్టికట్ ప్రభుత్వము ఆయనను పాఠశాల మనస్తత్త్వవేత్తగా నియమించెను. అమెరికాలో ఆ పేరుతో ఉద్యోగము పొందిన మొదటివాడు ఆయనయే.

ఆ కాలమునకు పసిబిడ్డలను గూర్చి శాస్త్రజ్ఞులకు తెలిసినది మిక్కిలి తక్కువ. బిడ్డ ఏ నెలలో తల నిలుపును, ఏ నెలలో ప్రక్కకు తిరుగును, ఏ నెలలో కూర్చుండును అను విషయములు అమ్మమ్మలకు తెలియును గాని గ్రంథములలో క్రమముగా వ్రాయబడలేదు. గెసెల్ ఆ కార్యమునకు పూనుకొనెను. తండ్రి కెమేరాను ఎరిగినవాడగుటచే చలనచిత్రముల సహాయమున శిశువులను పరిశీలింపవచ్చునని ఆయనకు తోచెను. ఇందుకై బోర్లించిన గిన్నెవంటి ఒక తెల్లని గోపురమును కట్టించెను. దాని గోడలు సన్నని తెరతో చేయబడినవి. లోపల వెలుతురు, వెలుపల చీకటి. అందుచే వెలుపల నున్నవారికి లోపలి బిడ్డ స్పష్టముగా కనబడును. లోపల నున్న బిడ్డకు వెలుపలి వారు కనబడరు. వింత మనుష్యుల చూపులకు బెదరక బిడ్డ తన యిచ్చవచ్చినట్లు కదలును. కెమేరాలు ఆ కదలికలను పట్టుకొనును. ఇట్లు తీసిన చిత్రముల నుండి ఏరిన 3,200 బొమ్మలతో 1934లో రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. శిశువు యొక్క కదలికలను అంత వివరముగా చూపిన పుస్తకము అంతకు పూర్వము లేదు.

కవల పిల్లలు - మెట్లు

గెసెల్ పేరు లోకమున వ్యాపించుటకు కారణమైనది ఒక చిన్న ప్రయోగము. ఆయనయు, ఆయన సహచరురాలగు హెలెన్ థాంప్సన్ అను పరిశోధకురాలును కలిసి 1929లో దానిని ప్రకటించిరి. ఒకే పోలికగల ఇద్దరు ఆడ కవలలను వారు ఎన్నుకొనిరి. వారి పేర్లు బయట పెట్టక, ఒకరిని టి అనియు, మరియొకరిని సి అనియు వ్యవహరించిరి. ఐదు మెట్లుగల చిన్న నిచ్చెనమెట్ల వరుస నొకదానిని సిద్ధము చేసిరి.

టి అను బిడ్డకు 46 వారముల వయస్సు వచ్చినది మొదలు, వారమునకు ఆరు దినములు, దినమునకు పది నిముషముల చొప్పున, ఆరు వారములు మెట్లెక్కుట నేర్పిరి. సి అను బిడ్డకు ఆ కాలమంతయు ఏ శిక్షణయు ఈయలేదు. 53వ వారమున సి బిడ్డను మొదటిసారిగా ఆ మెట్ల యెదుట ఉంచిరి. ఎవరును నేర్పకుండగనే, ఎవరి సాయమును లేకయే, ఆ బిడ్డ 45 సెకండ్లలో పైకెక్కెను! పిమ్మట ఆమెకు రెండు వారములు మాత్రము శిక్షణ నిచ్చిరి. అప్పుడు పది సెకండ్లలో ఎక్కగలిగెను. ఆరు వారములు శ్రమించిన బిడ్డకును, రెండు వారములు మాత్రము నేర్చిన బిడ్డకును చెప్పదగిన భేదము మిగులలేదు.

ఇందుండి గెసెల్ గ్రహించిన దేమన, శరీరము, నరములు, కండరములు పరిపక్వము కానిదే శిక్షణ ఫలింపదు. పరిపక్వమైన పిమ్మట స్వల్ప శిక్షణయే చాలును. పచ్చికాయను ఎంత పిసికినను మెత్తబడునే గాని తీయబడదు గదా!

ఈ మాట ఆ కాలమున సామాన్యమైనది కాదు. అప్పుడు అమెరికాలో జాన్ వాట్సన్ అను పండితుని వాదము ప్రబలముగా నుండెను. శిశువు మెత్తని మట్టివంటివాడనియు, తగిన శిక్షణచే ఎట్లు మలచిన అట్లు మలగుననియు ఆ వాదము. 1928లో వెలువడిన వాట్సన్ గ్రంథమును చదివిన తల్లులు, బిడ్డలో కలుగు ప్రతి లోపమును తమ తప్పేనని కుమిలిరి. అట్టి తల్లులకు గెసెల్ మాట ఊరట కలిగించెను. ఆలస్యముగా నడచిన బిడ్డ తల్లి సోమరి కాదు, తొందరగా నడచిన బిడ్డ తల్లి ఘనురాలును కాదు అని తెలిసెను.

నేలపై నేర్చు విద్య

గెసెల్ పరిశీలనలో మరియొక ముఖ్యాంశము కలదు. నడక అనునది ఒక్కనాడు హఠాత్తుగా వచ్చునది కాదు. శరీరముపై అదుపు తల నుండి పాదముల వైపునకు క్రమముగా దిగుచు వచ్చును. మొదట మెడ నిలుచును. పిమ్మట భుజములు, నడుము, చివరకు కాళ్ళు బిడ్డ స్వాధీనమగును. 1940లో ఆయనయు, లూయీ బేట్స్ ఏమ్స్ అను శిష్యురాలును కలిసి, బోర్లపడిన బిడ్డ నడక వరకు వచ్చు మార్గములో 23 దశలను గుర్తించిరి. బిడ్డ కొన్నిసార్లు ముందుకు పోయి, మరల వెనుకటి దశకు వచ్చినట్లు కనబడును. నిన్న మోకాళ్ళపై ప్రాకినవాడు నేడు పొట్టపై ప్రాకుట చూచి తల్లి దిగులుపడును. అది పతనము కాదనియు, నూతన బలమును కూర్చుకొనుటయే అనియు గెసెల్ వివరించెను.

ఈ దృష్టితో చూచినచో ప్రాకుట నడకకు ముందున్న తక్కువ స్థితి కాదు. అదియు ఒక సంపూర్ణమైన విద్యయే. మన ఇండ్లలో పూజాపీఠముపై వెన్నముద్ద పట్టుకొని ప్రాకుచున్న బాలకృష్ణుని నిలుపుకొని కొలుచుచున్నాము. ఆ రూపమును చూచి ఇంకను లేచి నిలబడలేదని ఎవరును చింతింపరు.

ఆయన చేసిన పొరపాట్లు

మహనీయుల జీవితములను చెప్పునపుడు లోపములను దాచుట మంచిది కాదు. గెసెల్ 1913లో తన జన్మస్థలమైన ఆల్మాను గూర్చి ఒక పత్రికలో వ్యాసము ప్రకటించెను. వేయిమంది జనులుగల ఆ ఊరిలో మందమతులు, పిచ్చివారు, త్రాగుబోతులు ఏ యే ఇండ్లలో కలరో లెక్కించి, పటము గీచి చూపెను. మానవులలో మేలిజాతి, తక్కువజాతి అని వంశములను విడదీయు వాదము ఆ కాలమున అమెరికాలో ప్రబలియుండెను. యువకుడగు గెసెల్ దానికి లోబడెను. తనను పెంచిన ఊరి ఇండ్లనే ఆయన అట్లు గుర్తించెను. ఓడల పట్టీలలో పేరు ప్రక్కన సంఖ్యగా వ్రాయబడి, కూలీజనమని ఒక్కమాటతో తూచబడిన పూర్వుల సంతతికి ఈ విషయము చదువుట కష్టముగానే యుండును.

రెండవది, 1941లో ఆయన వంగదేశములోని మిద్నాపూరునకు చెందిన కమల అను బాలికను గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. ఆ బాలిక తోడేళ్ళ గుహలో పెరిగినదనియు, నాలుగు కాళ్ళపై నడచెడిదనియు ఒక మతబోధకుడు వ్రాసిన దినచర్యను ఆయన నమ్మెను. తరువాతి పరిశోధకులు ఆ కథను విశ్వసనీయము కాదని తేల్చిరి. తన గోపురములో ప్రతి కదలికను కెమేరాతో పరీక్షించిన పండితుడు, దూరదేశపు కథను పరీక్షింపక స్వీకరించుట విచారకరము.

మూడవ పొరపాటు తల్లులకు మిక్కిలి దగ్గరిది. గెసెల్ న్యూ హేవెన్ నగరమందలి కొందరు శిశువులను పరిశీలించి, ఏ వయస్సున ఏ పని చేయుదురో పట్టికలు వ్రాసెను. ఆ శిశువులలో అత్యధికులు ఉత్తర ఐరోపా సంతతికి చెందిన, మధ్యతరగతి తెల్లవారి బిడ్డలు. ఆ కొద్దిమంది కొలతయే లోకమందలి బిడ్డలందరి కొలతగా పలువురు భావించిరి. 1943లో ఫ్రాన్సెస్ ఇల్గ్ అను వైద్యురాలితో కలిసి ఆయన రచించిన గ్రంథము ఎన్నియో ఇండ్లకు చేరెను. బిడ్డకు బిడ్డకు భేదముండునని అందు చెప్పబడినను, తల్లులు ఆ భాగమును మరచి, పట్టికను మాత్రమే గుర్తుంచుకొనిరి. తొందరపెట్టవద్దని చెప్పిన పండితుని పట్టికయే తొందరకు క్రొత్త కారణమయ్యెను.

తరువాతివారు తేల్చిన సత్యము

గెసెల్ సిద్ధాంతమును అమెరికాలో పలువురు పరీక్షించిరి. 1940లో వేన్ డెన్నిస్ అను పండితుడును, ఆయన భార్యయు ఆరిజోనా ప్రాంతమందలి హోపీ జాతివారి శిశువులను గూర్చి వ్రాసిరి. వారిలో కొందరు తల్లులు ఆచారము ననుసరించి మొదటి నెలలలో బిడ్డను పలకకు చుట్టి కట్టి ఉంచెడివారు. కొందరు ఆ పద్ధతిని విడిచిరి. అయినను రెండు వర్గముల బిడ్డలును ఇంచుమించు ఒకే వయస్సున నడచిరి. ఇది గెసెల్ మాటను బలపరచెను.

అయితే అదే డెన్నిస్ 1960లో ఇరాన్ దేశమందలి టెహరాన్ అనాథాలయములను గూర్చి ప్రకటించిన విషయము వేరు. అచ్చటి బిడ్డలను ఎత్తుకొనువారు లేరు, ఆడించువారు లేరు. పగలు రేయి పడకలలోనే ఉంచిరి. వారిలో అనేకులు మూడేండ్లు వచ్చినను నడువలేకపోయిరి. కాబట్టి తొందరపెట్టకుండుట వేరు, విడిచిపెట్టుట వేరు. కవలలలో సి బిడ్డకు మెట్ల శిక్షణ లేకపోయినను, నేలపై స్వేచ్ఛగా ఆడుకొను అవకాశముండెను. ఆ ఆటయే ఆమెకు అభ్యాసమయ్యెనని విమర్శకులు చెప్పుట న్యాయమే. ఎస్తర్ థెలెన్ అను అమెరికా విదుషి 1980వ దశకమున చేసిన పరిశోధనలలో, బిడ్డ బరువు, కండబలము, చుట్టునున్న పరిసరములు కూడ నడకను నిర్ణయించునని నిరూపించెను. వయస్సు ఒక్కటే కారణము కాదు.

హంగరీ దేశమందు ఎమ్మీ పిక్లర్ అను వైద్యురాలు 1946లో బుడాపెస్టు నగరమున ఒక శిశుగృహమును స్థాపించి, బిడ్డలను తాముగా రాని భంగిమలో కూర్చుండబెట్టక, నిలబెట్టక పెంచెను. ఆప్యాయముగా పెంచబడిన ఆ బిడ్డలు తమంతట తామే కూర్చుండి, నిలబడి, నడచిరి. ఆమె పద్ధతిని మాగ్డా గెర్బర్ అను స్త్రీ అమెరికాకు తెచ్చి 1978లో లాస్ ఏంజెలెస్ నగరమున ఒక సంస్థ ద్వారా ప్రచారము చేసెను. గెసెల్ తొలి ఉద్యోగము చేసిన నగరములలో ఒకటియగు చోటనే ఈ భావము మరల మొలకెత్తుట విశేషము.

పట్టిక విషయములో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో మేలైన సమాధానము నిచ్చెను. ఇండియా, ఘానా, నార్వే, ఒమాన్, అమెరికా దేశములలో 816 మంది శిశువులను పరిశీలించి, ఆరోగ్యవంతులైన బిడ్డలు 8 నెలలు మొదలు 17 నెలలు దాటు వరకు ఎప్పుడైనను ఒంటరిగా నడువవచ్చునని తెలిపెను. నూటికి నలుగురు బిడ్డలు చేతులు, మోకాళ్ళపై ప్రాకకయే నడక నేర్చిరి. ఒక తేదీకి బదులు ఇంత విశాలమైన కాలమును చూపుటచే తల్లులకు ఊపిరి ఆడెను.

చక్రముల వాకరు సంగతియు చెప్పవలసియున్నది. అది నడక నేర్పునని పలువురి నమ్మకము. కాని అది నడకను త్వరపెట్టదు. 1990 నుండి 2014 వరకు అమెరికాలో వాకరు వలన గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చిన పదునైదు నెలలలోపు శిశువులు 2,30,000 మందికి పైగా నుండిరని 2018లో వైద్యులు లెక్కగట్టిరి. వారిలో అధికులు మెట్లపై నుండి పడినవారు. కెనడా దేశము 2004లోనే వాకరుల అమ్మకమును నిషేధించెను. అమెరికా శిశువైద్యుల సంఘమును అట్టి నిషేధమునే కోరెను.

చివరి దినములు

1948లో గెసెల్ యేల్ విశ్వవిద్యాలయము నుండి విరమించెను. ఆయన శిష్యురాండ్రు 1950లో న్యూ హేవెన్ నగరముననే ఆయన పేర ఒక సంస్థను స్థాపించిరి. ఆయన కుమారుడు గెర్హార్డ్ న్యాయమూర్తియై, 1971లో పత్రికా స్వాతంత్ర్యమునకు సంబంధించిన ప్రసిద్ధమైన అభియోగమున తీర్పు చెప్పి పేరుపొందెను. 1961వ సంవత్సరము మే 29వ తేదీన, ఎనుబది యేండ్ల వయస్సున, డాక్టర్ గెసెల్ న్యూ హేవెన్ నగరమున కాలధర్మము చెందెను.

ఆయన జీవితము నుండి తల్లిదండ్రులు గైకొనవలసినది క్లుప్తముగా నిది. శుభ్రమైన నేలపై చాప పరచి, ప్రమాదకరమైన వస్తువులను తొలగించి, బిడ్డను స్వేచ్ఛగా వదలి, దాపున కూర్చుండి పలుకరించుచుండవలెను. మేలుకొనియున్నపుడు కొంతసేపు బోర్ల పరుండబెట్టి ఆడించవలెను. నిద్రపుచ్చునపుడు వెల్లకిల పరుండబెట్టవలెను. తానుగా లేచి నిలబడని బిడ్డను గుంజి నిలబెట్టరాదు. అయితే పదునెనిమిది నెలలు నిండినను నడువని బిడ్డను, ఒక ప్రక్క కాలుసేతులను మాత్రమే వాడు బిడ్డను, వచ్చిన విద్యను కోల్పోయిన బిడ్డను జాగుచేయక వైద్యునికి చూపవలెను. ఓర్పు అనగా అశ్రద్ధ కాదు.

చెరకు తోటలలో పొద్దుపొడువక మునుపే పనికి పోయిన తల్లులకు బిడ్డ తొలి అడుగును చూచు భాగ్యము అందరికిని దొరకలేదు. ఇంటనున్న ముసలమ్మ సాయంకాలము చెప్పగా విని సంతోషించినవారు ఎందరో! నేటి తల్లులకు ఆ అడుగును కన్నులార చూచు తీరిక కొంతయైనను కలిగినది. ఆ తీరికను బిడ్డను తరుముటకు గాక, ప్రక్కన కూర్చుండి చూచుటకు వినియోగించుట మంచిది. అడుగు పడిన నాడు అరిసెలు వండుకొనవచ్చును.